గట్టు మీది దీపం

కెదుంగ్‌సారి,
శుక్రవారం మధ్యాహ్నం.

వెనింగ్ వాళ్ళ నాన్నగారికి,

సలాము. ఇక్కడ అత్తమ్మ, వెనింగ్, నేను, చివరికి మన ఆవుతో సహా అందరం క్షేమంగానే ఉన్నాం. మీరూ అక్కడ వేళకు ఇంత తింటూ, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నారనే అనుకుంటున్నాను. క్షేమం అని రాసి ఒకసారి కొట్టేశాను. కాని ఉత్తరమన్నాక అలాగే మొదలుపెట్టాలి కదా, అందుకని రాశాను.

మీ ఉత్తరం బుధవారం నాడు లాయరమ్మాయి తెచ్చిచ్చింది. పదకొండేళ్ళ కాపురంలో మీ చేతిరాత ఇంత పొడుగున చూడడం నాకిదే మొదలు. విత్తనాల సంచి మీద పేరు రాయడం తప్ప మీరు కలం పట్టింది ఎప్పుడు గనక! అయినా పేజీలో సగం ఖాళీ వదిలేశారు. ఇంకో నాలుగు ముక్కలు రాస్తే జైలు వాళ్ళు కాదన్నారా? నేను మాత్రం వదలను. పక్కకి తిప్పి మార్జిన్లో కూడా రాస్తాను, చూడండి.

ఉత్తరంలో మీరు నాలుగు సంగతులు అడిగారు. మూడింటికి జవాబు వెంటనే చెప్పగలను. నాలుగోది ఒక్క ముక్కే. అది చదివి నిలబడిపోయి పొయ్యి మీద అన్నం మాడబెట్టాను, అత్తమ్మ చేత తిట్లు తిన్నాను. దాని జవాబు చివర్లో రాస్తాను. మీరు తిన్నగా చివరికి వెళ్ళి చదవకండి. నేను ఏ వరసలో రాశానో ఆ వరసలోనే చదవండి. ఈ ఒక్కసారి నా మాట వినండి.

మంగళవారం కోర్టులో మీ తరఫు మాట వింటారు. అంతకు ముందే, సోమవారానికల్లా, ఈ ఉత్తరం మీ చేతికి అందాలని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను. ములాఖత్‌కి వచ్చినప్పుడే చెప్పొచ్చు కదా అంటారేమో. మూడు గురువారాలు అదే అనుకుని వచ్చాను, నిన్న మాత్రం రాలేదు. ఆ హాల్లో చాప మీద పదిమంది మధ్య కూర్చుంటాం, పక్కన ఎవరో పసిపిల్ల ఏడుస్తుంటుంది, గార్డు మన అన్నం డబ్బాలో చెంచా పెట్టి కెలుకుతుంటాడు, మీరేమో "మిరపకాయ పచ్చడి బాగుందే" అంటారు. ఇంక నా నోట్లోంచి మాటేం వస్తుంది? డబ్బా కడుక్కుని బస్సెక్కి వచ్చేస్తున్నాను.

మొదట అత్తమ్మ దగ్గు సంగతి. పగలు తగ్గింది, తెల్లవారుజామున వస్తోంది. అల్లం, తాటిబెల్లం వేసి కాచి ఇస్తున్నాను. "నా కొడుకు ఇంట్లో ఉంటే ఈ పాటికి ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు" అని గోడతో చెబుతుంది, నాకు వినబడేటట్టు. పోనీ నేను తీసుకెళ్తానంటే "నీ వెనకాల ఆ మోటారు సైకిలెక్కి చచ్చే బదులు దగ్గి చస్తాను" అంటుంది. అంటే బాగానే ఉందన్నమాట. మీ పాత లుంగీ ఒకటి మడిచి తలకింద పెట్టుకుని పడుకుంటోంది. ఉతుకుతానంటే ఇవ్వడం లేదు.

వెనింగ్ నాలుగో తరగతిలోకి వచ్చింది. స్కూల్లో ఎవరో "మీ నాన్న మనుషుల్ని పట్టే బోను పెట్టాడట" అన్నారని ఒకరోజు ఏడుస్తూ వచ్చింది. మర్నాడు నేనే వెళ్ళి టీచరుతో మాట్లాడాను. ఇప్పుడు అనడం లేదుగానీ, దాని పక్కన కూర్చోవడమూ తగ్గించారట. దాని కోళ్ళు పెద్దవయ్యాయి. మీరు వెళ్ళేటప్పటికి అరచేతిలో పట్టేవి, ఇప్పుడు వంటింట్లోకి వచ్చి పొయ్యి గట్టెక్కి నన్నే అదిలిస్తున్నాయి. పదకొండూ దిట్టంగా ఉన్నాయి. వాటి మాట మళ్ళీ వస్తుంది.

పంట సంగతి మీరు అడగలేదు, అయినా రాస్తున్నాను. ఈసారి మన పొలం నాట్లు ఊరివాళ్ళే వేసి పోయారు. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఒక ఉదయం చూస్తే పన్నెండుమంది ఆడవాళ్ళు మోకాళ్ళ లోతు బురదలో ఉన్నారు. నేను గబగబా కర్రపెండలం దుంపలు ఉడకబెట్టి, టీ కాచి పట్టుకెళ్ళాను. వరి పొట్టకొచ్చింది. మీరు అనుకున్నట్టే ఎలుకలు కూడా వచ్చాయి. తూర్పు మూల ఒక చాప పరిచినంత మేర నరికేశాయి. మీరు లోపలికి వెళ్ళిన వారంలో ఊరంతా ఎలుకల కోసం పొలాల చుట్టూ వేసిన కరెంటు తీగలు పీకి చుట్టలు చుట్టేశారు, గుర్తుందా? పోలీసులు వచ్చి మైకులో చెప్పారు, ఊరిపెద్ద కూడా చెప్పాడు. ఇప్పుడు మళ్ళీ రెండు పొలాల్లో తీగ లేచింది. ఎవరివో రాయను, ఈ ఉత్తరం ఎవరెవరు విప్పుతారో ఏమో. నిన్న వాళ్ళలో ఒకాయన్ని సంత దారిలో పట్టుకుని అడిగాను.

"ఏం బావా, మీకు కళ్ళు లేవా? ఒక చెయ్యి పోయింది, ఒక మనిషి జైల్లో ఉన్నాడు, ఇంకా ఏం చూడాలి మీకు?"

"ఏం చెయ్యమంటావు యాతీ, పంటంతా ఎలుకలకి రాసిచ్చెయ్యమంటావా? అయినా నేను దీపం పెట్టే కదా వేస్తున్నాను. దీపం చూసుకునే వేస్తున్నాను."

దీపం. ఆ మాట వినగానే వెనక్కి తిరిగాను. సంతకి పోకుండానే ఇంటికి వచ్చేశాను.

జుమాది అన్నయ్య గురించి అడిగారు. గాయం మానింది. మోచేతి కింద తీసేసిన చోట చర్మం ఇంకా గులాబీ రంగులో మెరుస్తోంది, ఎండ తగిలితే మండుతుందట. లేని వేళ్ళు దురద పెడుతున్నాయని నిద్రలో లేచి కూర్చుంటాడట. మన ఊళ్ళో గట్టు వేయాలంటే జుమాది అన్నయ్యే కదా. ఆయన వేసిన గట్టు మీద వాన నీళ్ళు కూడా జారిపోయేవి. మొన్న చూశాను, ఎడంచేత్తో పార పట్టుకుని పిడిని చంకకి ఆనించి తన గట్టు వేసుకుంటున్నాడు. నాలుగు సార్లు వేసి కూర్చున్నాడు. నేను చూశానని తెలిసి పార కింద పెట్టి చుట్ట కోసం జేబు తడుముకున్నట్టు చేశాడు. నేను తల తిప్పుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇక్కడ రాస్తూ కూడా ఏడుస్తున్నాను, సిరా అలికింది చూడండి.

వాళ్ళ పొలంలో కలుపు నేనే తీస్తున్నాను. తుకినా వదిన వద్దనలేదు, రమ్మనలేదు. తెల్లారి వెళ్తాను, నా పని చేసుకుని వస్తాను. రాజీ కాగితం మీద అన్నయ్య ఎడంచేత్తో పెట్టిన సంతకం మీరు చూశారు కదా, చిన్నపిల్లాడు మొదటిసారి రాసినట్టు వంకరగా. "మా రెండిళ్ళకీ పగలేదు, క్షమించాను" అని ఊరిపెద్ద రాస్తే, దాని కింద స్టాంపు అంటించి, పది నిమిషాలు పట్టి సంతకం పెట్టాడు. అది చూసి నేను, ఇంకేముంది, మిమ్మల్ని వదిలేస్తారనుకున్నాను. పిచ్చిదాన్ని. లాయరమ్మాయి అప్పుడే చెప్పింది.

"అక్కా, క్షమించడం ఆయన ఇష్టం. కేసు నడపడం సర్కారు పని. అవయవం పోయేంత దెబ్బ తగిలితే, బాధితుడు వద్దన్నా కేసు ఆగదు. ఈ కాగితం వల్ల శిక్ష కాస్త తగ్గొచ్చు, అంతే."

"ఊరంతా వేసింది కదమ్మా తీగ. మా ఆయనొక్కడేనా?"

"ఊరంతా వేసిందని కోర్టులో అంటే, ఊరంతటినీ రమ్మంటారక్కా."

ఆ పిల్ల వయసు ఇరవై ఆరు. నా కంటే ఎనిమిదేళ్ళు చిన్న. కాని మాట మాత్రం తూచినట్టుంటుంది.

ఇక కోర్టు సంగతి రాస్తాను. పోయిన వాయిదా నాడు నేను మూడో బెంచీలో కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడొద్దని మీకు చెప్పారేమో, మీరు నన్ను చూడలేదు. మీ మెడ వెనక ఎముక కనబడుతోంది, అంత చిక్కారు. సర్కారు లాయరు మొదట ఆ ఊరి కాగితం చూపించాడు, పొలాల్లో కరెంటు తీగ ఇక వేయబోమని మనవాళ్ళంతా పోలీసుల ముందు సంతకాలు చేసింది. మీ సంతకం పక్కనే జుమాది అన్నయ్య సంతకం, కుడిచేత్తో పెట్టింది. తరువాత ఆయన ప్లాస్టిక్ కవరులో ఉన్న బల్బు పైకెత్తాడు. గట్టు మీది గెడకి ఉన్న హోల్డరులోంచి పోలీసులు తీసిన మాడిపోయిన బల్బు.

"తీగలో కరెంటు ఉన్నంతసేపు దీపం వెలగాలని మీ ఊరి కట్టుబాటే కదా?"

"అవునండి."

"దీపం ఆరి ఉంటే కరెంటు లేదని ఎవరైనా దిగుతారు. అవునా?"

"అవునండి."

"ఈ బల్బు మాడిపోయిందని నీకు ముందే తెలుసా?"

మీరు ఆ కవరు వంక చూశారు. చాలాసేపు చూశారు. జడ్జిగారు మళ్ళీ అడగాల్సి వచ్చింది. అప్పుడు మీరన్నారు, "తెలుసండి. రేపు కొత్తది కొందాంలే అనుకున్నాను."

"కాపలా ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. వదిలేసి నమాజుకి వెళ్ళాను."

హాల్లో గుసగుసలు లేచాయి. జుమాది అన్నయ్య తలొంచుకున్నాడు. సర్కారు లాయరు ముఖం ఎలా వెలిగిందో మీరు చూడలేదు, నేను చూశాను. తెలిసి కూడా దీపం లేకుండా కరెంటు వదిలాడు, కాపలా లేకుండా పోయాడు, ఇది మామూలు అజాగ్రత్త కాదు అని ఆయన రెండున్నరేళ్ళ శిక్ష అడిగాడు. ఆ రెండు మాటలు మీరు అనకపోతే అంత అడిగే వీలు లేదని లాయరమ్మాయి బయట తల పట్టుకుంది. "పోలీసు వాంగ్మూలంలో కూడా ఇదే చెప్పారు. ఆ మాట ఎందుకన్నారు, ఎవరన్నా భయపెట్టారా?" అని నన్నడిగింది. నేను తెలియదన్నాను. ఆ రోజుకి అది నిజమే. మీరు ఎందుకు అబద్ధం ఆడారో నాకు తెలియలేదు. కాని అది అబద్ధమని మాత్రం ఆ హాల్లో ఇద్దరికి తెలుసు. ఒకరు మీరు, ఇంకొకరు నేను.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను.

ఆ తెల్లవారుజామున మసీదు మైకులో పిలుపు వినగానే మీరు పొలం కాపలా గుడిసె లోంచి లేచి వచ్చారు. అక్కడున్న తీగ స్విచ్చు పెట్టెకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. పెరట్లో నీళ్ళు తోడుతున్న నన్ను కేకేసి ఏమన్నారో నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

"యాతీ, నమాజుకి పోయొస్తా. ఎలకలు దిగే వేళ, ఇంకాసేపు ఉండనీ. నువ్వు గట్టు మీద కూచో. దీపం వెలుగుతున్నంతసేపు ఎవర్నీ దిగనీకు."

"కూచుంటాలే, పొండి" అన్నాను. అంటే కాపలా ఉంది. కాపలా నేనే.

కూర్చున్నాను కూడా. సన్నగా వాన పడుతోంది. అప్పుడు ఇంట్లోంచి కోడిపిల్లల అరుపులు వినిపించాయి. వెళ్ళి చూస్తే వాటి పెట్టెలో వెచ్చదనం కోసం పెట్టిన బల్బు మాడిపోయింది. పద్దెనిమిదీ ఒక మూల ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పపడ్డాయి, కిందవి నలిగిపోతున్నాయి. వెనింగ్ లేచి చూస్తే ఏడ్చి చచ్చిపోతుంది, దానికి పేర్లు కూడా పెట్టుకుంది. ఇంట్లో ఇంకో బల్బు లేదు. కొట్టు ఇంకా తెరవరు. గెడ మీద దీపం ఒకటే వెలుగుతోంది.

అది వెలుగుతోందంటే తీగలో కరెంటు ఉందని నాకు తెలియదా? తెలుసు. పదేళ్ళ పిల్లకైనా తెలుసు మన ఊళ్ళో. అయినా తీశాను. చెంగు అడ్డం పెట్టుకుని, కాలుతున్న బల్బు తిప్పి తీశాను. ఇంకో పది నిమిషాల్లో మీరు వచ్చి స్విచ్చు ఆపేస్తారు, ఈ వానలో ఈ లోపల పొలంలోకి ఎవరొస్తారు అనుకున్నాను. హోల్డరు ఖాళీగా ఉంటే వాన నీళ్ళు దిగుతాయని మాడిపోయిన బల్బు తెచ్చి అందులో బిగించాను. అంత జాగ్రత్త మనిషిని నేను! మంచిది తీసుకెళ్ళి పెట్టెలో పెట్టాను. పిల్లలు ఒక్కొక్కటే విడివడి వెలుగు కిందికి నడిచి వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. గట్టు మీదికి తిరిగి వెళ్ళలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మిమ్మల్నేమో ఊరిపెద్ద కాలువ వంతుల గురించి మసీదు మెట్ల మీద ఆపేశాడు.

అప్పుడు కేక వినిపించింది.

నేను పరిగెత్తింది గుడిసె వైపు. స్విచ్చు అక్కడుంది కదా అని. తాళం. రాయి తీసుకుని కొట్టాను, గోళ్ళు విరిగాయి. ఇంట్లో మెయిన్ దించితే చాలని అప్పుడు తోచింది. మళ్ళీ ఇంటికి పరుగు. మెయిన్ దించాను. గుడిసె వైపు వెళ్ళకుండా మొదటే ఇంటికి వచ్చి ఉంటే అన్నయ్య చెయ్యి ఉండేదేమో. డాక్టరు ఆ మాట అనలేదు, నేనే అడగలేదు. అడగడానికి నాకు ధైర్యం లేదు.

మెయిన్ దించాక పెట్టెలో బల్బు కూడా ఆరిపోయింది. ఆ గొడవలో మళ్ళీ ఎవరూ చూడలేదు. సాయంత్రానికి ఏడు పిల్లలు చచ్చిపోయాయి.

ఇది నేను నాలుగు నెలలు దాచుకున్నాను. మొదటి రోజు భయం వేసి దాచాను, వెనింగ్‌ని చూసి దాచాను. తరువాత ఎలా చెప్పాలో తెలియక దాచాను. గెడ మీది బల్బు దానంతటదే మాడిపోయిందని, ముందే చూసుకోలేదని మీరు బాధపడుతున్నారనుకున్నాను. ఆ బాధ మీమీదే ఉండనిచ్చాను. భార్యని కాబట్టి భర్త కేసులో సాక్ష్యం చెప్పమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. "నీకిష్టం లేకపోతే కూర్చోవచ్చు" అన్నారు. కూర్చున్నాను. కూర్చోవడం నాకు అలవాటైపోయింది కదా, ఆ రోజు కోడిపిల్లల దగ్గర కూర్చున్నట్టే.

మీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే బస్సెక్కి లాయరమ్మాయి ఆఫీసుకి వెళ్ళాను. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను.

"అమ్మా, ఒకవేళ... ఆ దీపం ఇంకెవరో తీసుంటే?"

ఆ పిల్ల కలం కింద పెట్టింది. నా ముఖంలోకి చూసింది. "ఎవరక్కా?" అనలేదు.

"తీసినవాళ్ళకి తీగలో కరెంటు ఉందని తెలుసా?" అంది.

"తెలుసు."

"కాపలా వాళ్ళదేనా?"

"వాళ్ళదే."

"అయితే వాళ్ళకీ బాధ్యత ఉంటుందక్కా. వాళ్ళ మీద వేరే కేసు రావచ్చు. మీ ఆయన పూర్తిగా బయటపడరు. వద్దన్న తీగ వేసింది ఆయన. కాని తెలిసి దీపం లేకుండా వదిలాడన్న మాట పోతుంది. కాపలా లేదన్న మాట పోతుంది. అది చిన్న విషయం కాదు." కలం మళ్ళీ తీసుకుని, "ఆ మనిషి వస్తే, నా పక్కన ఇంకో లాయరు కూడా కావాలి. ఇద్దరి తరఫునా నేనొక్కదాన్నే మాట్లాడకూడదు. మాట్లాడిపెడతాను" అంది. నేను వచ్చేటప్పుడు బస్సు దాకా వచ్చి గొడుగు చేతిలో పెట్టింది. అప్పుడు వాన కూడా లేదు.

నిన్న తుకినా వదిన ఇంటికి వెళ్ళాను. కోర్టులో ఎవరి నోటి నుంచో వినే ముందు వాళ్ళు నా నోటితో వినాలనిపించింది. వదిన వాకిట్లో వడ్లు ఎండబెడుతోంది. నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. వదిన చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

"కోడిపిల్లల కోసమా?" అంది.

"అవునొదినా."

"ఎన్ని?"

"పద్దెనిమిది."

"ఎన్ని బతికాయి?"

"పదకొండు."

వదిన నవ్వింది. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోలేను. "పదకొండు కోళ్ళు. మా ఆయన చెయ్యికి పదకొండు కోళ్ళు. నాలుగు నెల్ల నుంచి నా పొలంలో వంగి కలుపు తీస్తుంటే, పోన్లే పాపం, మొగుడి తప్పుకి ఇది కష్టపడుతోంది అనుకున్నానే! నీకు టీ కూడా పోశానే!" అంది. చేట కింద పడేసి లోపలికి పోయింది. వడ్లు మట్టిలో కలిసిపోతే నేను కూర్చుని ఏరుతున్నాను. ఏం చెయ్యాలో తెలియక ఏరుతున్నాను.

జుమాది అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు. అన్నీ విన్నాడు. మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ పొద్దున మీ గట్టు తెగి నీళ్ళు పోతున్నాయి యాతీ. మీ ఆయన చూసుకోలేదేమో, రెండు పారలు మట్టి వేసిపోదాం అనుకున్నా. ముందు దీపం వంకే చూశా. ఆరి ఉంది. చూసుకునే దిగా" అన్నాడు. తరువాత ఇంకోటి అన్నాడు. "నాలుగు నెల్లుగా ఒకటే అనుకుంటున్నా. మీ ఆయన సుకాంతో, అంత జాగ్రత్త మనిషి, బల్బు మాడిందని తెలిసి ఎట్లా వదిలాడూ అని. కాగితం మీద క్షమించానని రాశాగానీ, ఆ ఒక్కటి నాకు మింగుడు పడలా. వాడు వదల్లేదన్నమాట."

"నన్ను క్షమించొద్దు అన్నయ్యా" అన్నాను.

"ఇప్పుడేమీ అడక్కు తల్లీ" అన్నాడు. "ఇంటికి పో."

వచ్చేశాను. ఈ ఉదయం కలుపుకి వెళ్ళలేదు. వెళ్ళే హక్కు ఉందో లేదో తెలియలేదు.

అత్తమ్మకి రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. తింటూ తింటూ ఆగిపోయింది. "నువ్వు చెప్తే వాడు ఇంటికొస్తాడా?" అంది. వెంటనే రారు, కాస్త ముందు రావచ్చు అన్నాను. "అయితే ఇద్దరూ లోపలుంటారన్నమాట" అంది. చాలాసేపు దగ్గింది. తరువాత వెనింగ్ కంచంలో తన చేప ముక్క వేసి, "దీనికి జడ వెయ్యడం నాకు చేతనవును, నీకంటే బాగానే వేస్తాను" అంది. అంతే. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

వెనింగ్‌కి ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు. కోళ్ళ వల్ల అని మాత్రం చెప్పను. అవి దానివి. తప్పు నాది.

ఇప్పుడు మీ నాలుగో ప్రశ్న. "కోడిపిల్లల పెట్టెలో బల్బు ఇంకా ఉందా? పిల్లలు ఎదిగి ఉంటాయి, దాన్ని తీసి పారెయ్" అని రాశారు. నాలుగు నెలల తరువాత జైల్లో కూర్చుని మీకు కోడిపిల్లల బల్బు ఎందుకు గుర్తొచ్చిందా అని నిలబడిపోయాను. అప్పుడు అన్నం మాడింది. కోర్టులో ఆ కవరు వంక మీరు అంతసేపు ఎందుకు చూశారో అప్పుడు తెలిసింది. ఆ బల్బు మెడకి సన్నటి రాగి తీగ చుట్టి ఉంది. రేకు మూత జారకుండా కోళ్ళ పెట్టెలో మీరే చుట్టారు దాన్ని, వెనింగ్ టార్చి పట్టుకుంటే. స్టేషన్లో చూపించిన రోజే గుర్తుపట్టి ఉంటారు. గెడ మీది బల్బు ఎక్కడికి పోయిందో, ఎవరు మార్చారో మీకు ఆ రోజే తెలుసు. తెలిసే కాపలా లేదన్నారు. తెలిసే ముందే తెలుసన్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. మిరపకాయ పచ్చడి బాగుందన్నారు.

మీ మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్ను ఎవరు దాచమన్నారు మిమ్మల్ని? నా బరువు మోయమని నేను అడిగానా? తరువాత ఆ ఉత్తరాన్నే మొహం మీద పెట్టుకుని ఏడ్చాను. మీరు చేసింది మంచితనమని నాకు తెలుసు. కాని దాని కింద మీరు రెండున్నరేళ్ళు పడుకుంటే, ఇక్కడ నాకు ఒక్క రాత్రి నిద్ర పట్టదు. అన్నయ్య నిద్ర లేచి లేని వేళ్ళు గోక్కుంటుంటే, ఆ బాధ ఎవరివల్లో ఆయన నిజంగా తెలుసుకోవద్దా?

మంగళవారం నేను లేచి నిలబడతాను. మీరు వెనక్కి తిరిగి తల అడ్డంగా ఊపకండి. ఊపితే నేను మళ్ళీ కూర్చుండిపోతాను. ఊరికే ముందుకు చూస్తూ కూర్చోండి, నా గొంతు వినండి చాలు.

మీ ప్రశ్నకి జవాబు. బల్బు పెట్టెలోంచి తీసేశాను. పారెయ్యలేదు. ఈ మధ్యాహ్నం ఒకసారి హోల్డరులో పెట్టి చూశాను, ఇంకా వెలుగుతోంది. మీ పాత చొక్కా గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను. జడ్జిగారు అడిగితే చూపిస్తాను.

ఇట్లు,
ఆ రోజు గట్టు మీద కాపలా ఉన్న
వెనింగ్ వాళ్ళ అమ్మ,
రుమియాతి.